జాలు పట్టిన లోయ

సూరత్ లింబాయత్‌లో నడుస్తుంటే మనమున్నది గుజరాత్‌లోనన్న సంగతి కాసేపు మరిచిపోతాం. సాంచాల చప్పుడు సందుల్లోంచి వినపడే పిలుపులు తెలుగువి. కిరాణా కొట్టు అరుగు మీది ముసలామె మాట్లాడేది అచ్చంగా కరీంనగర్ తెలుగు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ఊళ్ల నుంచి చేతిమగ్గం వదిలి మరమగ్గాన్ని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. మా పెద్దమ్మ కొడుకు వచ్చి ముప్పై ఏళ్లయింది. నేను వెళ్లిన మర్నాడు పనికి నాగా పెట్టి, "పా తమ్మీ, నీకొకటి చూపిస్త" అని బార్డోలీ దారి పట్టించాడు.

అన్న చూపించింది ఒక బావి. చెరకు తోట గట్టున, రాతికట్టుతో ఉన్న పాత బావి. శివరాత్రి దగ్గరపడిన రోజులవి. ఆ రోజులకు మా ఊళ్లో బావి అంటే అడుగున బండ తేలిన గుంత. ఇక్కడ వంగి చూస్తే నా మొహం నాకు కనిపించింది. రెండు నిలువుల లోతున నీళ్లు కదలకుండా ఉన్నాయి. "ఈడ బోరు ఎన్ని ఫీట్లు ఎయ్యాలె?" అన్నాను. నల్లగొండవాడి నోట ముందుగా వచ్చే ప్రశ్న అదే. అన్న గుజరాతీలో అడిగితే ఆ రైతు నవ్వి, పక్క మడి వైపు చెయ్యి చూపించాడు. అక్కడ చెరకు మోకాలెత్తున ఆగిపోయింది. ఆకుల అంచులు మాడాయి. సాళ్ల మధ్య నేల మీద, గోడకు సున్నం కొట్టిన చోట కింద రాలినట్టు, తెల్లటి పొర. "ఖారాశ్" అన్నాడాయన. "నీళ్లు దొరక్క కాదు తమ్మీ, నీళ్లు పోక తిప్పలు" అని అన్న తర్జుమా చేశాడు.

ఆ తెల్లపొరను మనం చౌడు అంటాం. కింది నుంచి తడి తేలి వేళ్లకు ఊపిరాడకుండా చెయ్యడాన్ని జాలు పట్టడం అంటాం. కృష్ణా డెల్టా రైతుకు ఈ రెండు మాటలూ వేరే చెప్పక్కర్లేదు. వెయ్యి ఫీట్లు దించినా దుమ్ము తప్ప రాని బోర్ల మధ్య పెరిగిన నాకు మాత్రం, నీళ్లెక్కువై పాడైన పొలాన్ని చూడటం వింతగానే ఉంది. కాస్త కడుపుమంటగా కూడా ఉందని ఒప్పుకోవాలి.

భూగర్భజలాల అధ్యయనం అనగానే మనకు వెతుకులాటే గుర్తొస్తుంది. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని అది ఎక్కడ లేచి నిలబడుతుందా అని చేను చేనంతా తిరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకు వేలల్లో ముట్టజెప్పేవాళ్లూ ఉన్నారు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్టునూ పుట్టనూ ఆనవాలు పట్టి జల ఎక్కడుందో చెప్పడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. జల ఎక్కడుందో తెలిసినంత మాత్రాన పని తీరదు. నేలలోకి ఎంత దిగుతోంది, ఎంత బయటికి పోతోంది, ఏడాది తిరిగేసరికి ఎంత మిగిలింది, ఈ పద్దు రాయడమే అసలు పని. మా ఊరి పద్దులో ఖర్చు ఎక్కువ, జమ తక్కువ. బార్డోలీ పద్దులో జమ ఎక్కువ, ఖర్చు లేదు. రెండూ రైతును దెబ్బతీసేవే.

తాపీ నది మధ్యప్రదేశ్ బేతూల్ జిల్లాలో ముల్తాయి దగ్గర పుట్టి, మహారాష్ట్ర మీదుగా 724 కిలోమీటర్లు పడమరకు నడిచి, సూరత్ దాటాక సముద్రంలో కలుస్తుంది. దాని పరీవాహకం 65 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, అందులో మూడు వంతులకు పైగా మహారాష్ట్రదే. గుజరాత్ వాటాకు వచ్చింది తోక భాగం. ఆ తోకలోనే నేల మూడు రకాలుగా మారుతుంది. తూర్పున మాండ్వి, ఉమర్‌పాడా వైపు దక్కన్ లావా గట్టిపడిన నల్లరాయి. అక్కడ నీళ్లు రాతి పగుళ్లలో, పైన కుళ్లిన పొరలో మాత్రమే ఉంటాయి. నడుమ కామ్రేజ్, బార్డోలీ చుట్టూ నది మోసుకొచ్చి పరిచిన ఒండ్రు, దాని మీద లోతైన నల్లరేగడి. పడమర ఒల్పాడ్, చోర్యాసి తీరంలో ఉప్పు కలిసిన బంకమన్ను. వాన ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్లు, దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. అనంతపురం రైతుకు ఈ అంకె వినిపిస్తే చాలు, మిగతా వ్యాసం చదవడు.

పద్దు రాయాలంటే ముందు కొలవాలి. కేంద్ర భూగర్భజల మండలి దేశమంతటా ఎంచుకున్న పరిశీలక బావుల్లో నీటిమట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు చూస్తుంది: జనవరిలో, ఎండాకాలంలో వానలకు ముందు, ఆగస్టులో, నవంబర్‌లో. ఈ కొలత ఎంత సాదా పనో చూస్తే నవ్వొస్తుంది. స్టీలు టేపు కొసన ఒక మీటరు మేర సుద్ద రాస్తారు. బావి ఒరమీద పెయింటుతో గుర్తు పెట్టిన చోట టేపు ఆనించి మెల్లగా దించుతారు. నీళ్లు తగిలాయనిపించాక ఇంకాస్త దించి, గుర్తు దగ్గర టేపు ఏ అంకె మీద ఉందో చూసి, పైకి లాగుతారు. సుద్ద తడిసిన మేర ముదురు రంగుకు తిరుగుతుంది. పట్టుకున్న అంకెలోంచి తడిసిన అంకె తీసేస్తే గుర్తు నుంచి నీటి దాకా ఎంతో తేలుతుంది. ఒర నేలకన్నా ఎత్తుంటే ఆ ఎత్తు కూడా తీసెయ్యాలి. ఈ చివరి తీసివేత మరిచిపోయి మూడడుగుల తేడాతో లెక్క రాసేవాళ్లు ఉంటారు. ఆ బావికి అర కిలోమీటరు దూరంలో మోటారు నడుస్తోందా, ఎప్పుడు ఆపారు అని కూడా అడిగి రాసుకోవాలి. తోడుతున్న బావిలో కొలిచిన అంకె ఆ క్షణానికి సంబంధించిందే గానీ నేల సంగతి చెప్పదు.

ఇప్పుడు బోరుబావుల్లో దించితే నీళ్లు తగలగానే కూతపెట్టే తీగలొచ్చాయి, గంటకోసారి తనంతట తానే మట్టాన్ని నమోదు చేసే పరికరాలొచ్చాయి. 2002లో ఆకాశంలోకి పంపిన గ్రేస్ ఉపగ్రహాల జంట, భూమి ఆకర్షణలో వచ్చే సన్నటి తేడాలను బట్టి వాయవ్య భారతం ఏటా ఎంత నీరు కోల్పోతోందో చెప్పింది. అయితే గ్రేస్ చూపు లక్ష చదరపు కిలోమీటర్లకు పైబడిన ముక్కలకే ఆనుతుంది. బార్డోలీ తాలూకాలో ఏ ఊరు జాలు పట్టిందో చెప్పాలంటే ఇప్పటికీ సుద్ద రాసిన టేపే దిక్కు.

మట్టం తెలిసింది. మే నెలలో 7 మీటర్ల లోతున ఉన్న నీరు నవంబర్‌కు 3 మీటర్లకు వచ్చిందనుకుందాం. నాలుగు మీటర్లు లేచింది. అంటే ఎన్ని నీళ్లు? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. మట్టం నాలుగు మీటర్లు పెరిగిందంటే నాలుగు మీటర్ల నీళ్లు పెరిగినట్టు కాదు. ఒక డ్రమ్ములో మట్టి నింపి, ఇక పట్టదనేదాకా నీళ్లు పోసి, అడుగున చిల్లి పెడితే ఎన్ని నీళ్లు కారతాయి? ఇసుకైతే ధారాళంగా కారతాయి. బంకమన్నయితే నాలుగు చుక్కలు రాల్చి మిగతాది బిగబట్టుకుంటుంది. అలా కారే వంతును నిర్దిష్ట దిగుబడి అంటారు. మన దేశంలో భూగర్భజలాల అంచనాకు వాడే ప్రమాణాల ప్రకారం ఇసుక ఒండ్రుకు ఇది 16 శాతం, బంక ఒండ్రుకు 6 శాతం, కుళ్లిన నల్లరాయికి 2 శాతం. తెలంగాణ గ్రానైటు పైపొరలో బంక తక్కువుంటే 3 శాతం, ఎక్కువుంటే ఒకటిన్నర.

వంద హెక్టార్ల ఊరు, బంక ఒండ్రు నేల. నాలుగు మీటర్లను 6 శాతంతో, వంద హెక్టార్లతో గుణిస్తే 2 లక్షల 40 వేల ఘనపు మీటర్లు. ఊరంతటా సమంగా పరిస్తే 24 సెంటీమీటర్ల నీళ్లు. అదే నాలుగు మీటర్లు మా ఊరి బంక గ్రానైటులో లేస్తే 6 సెంటీమీటర్లు. వాన పడగానే మా బావుల్లో మట్టం ఎగిరి గంతేస్తుంది, సంక్రాంతి దాటగానే చతికిలబడుతుంది. మా పెద్దవాళ్లు దాన్ని ఏదో శాపమనుకునేవాళ్లు. రాతిలో ఖాళీ తక్కువ కాబట్టి గిన్నె చిన్నది, అంతే సంగతి.

ఈ గుణకారాన్ని తిరగేసి చూస్తే బార్డోలీ కథ బయటపడుతుంది. బంక ఒండ్రులో మట్టం మీటరు లేవడానికి 6 సెంటీమీటర్ల నీళ్లు చాలు. పొలానికి పెట్టే ఒక్క తడికి అటూ ఇటూగా అంతే అవుతుంది. ఏటా ఒక్క తడి నీళ్లు వేళ్లను దాటి కిందికి జారి, ఎవరూ తోడకపోతే, పదేళ్లలో పది మీటర్లు లేస్తుంది. నిజానికి ఆవిరీ, వాగులూ కొంత లాక్కుంటాయి గనుక అంత సూటిగా జరగదు. దిశ మాత్రం అదే.

బార్డోలీ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. 1928లో భూమిశిస్తు పెంపును ధిక్కరించి రైతులు పన్ను కట్టకుండా నిలబడిన తాలూకా ఇదే. వల్లభ్‌భాయ్ పటేల్‌ను సర్దార్ చేసింది ఆ పోరాటమే. అప్పటి బార్డోలీ వానాధారపు నేల. నల్లరేగడిలో పత్తి, జొన్న. 1954లో తాపీ మీద కాక్రాపార్ ఆనకట్ట పూర్తయింది. దాని ఎగువన 1972లో ఉకాయ్ డ్యామ్ లేచింది. ఆ జలాశయానికి సర్దార్ పేరు మీదే వల్లభ్ సాగర్ అని పేరు. రెండింటి కాల్వల కింద మూడు లక్షల హెక్టార్లకు పైబడిన ఆయకట్టు. పత్తి చేలల్లోకి చెరకు వచ్చింది, ఒల్పాడ్ వైపు వరి వచ్చింది. సహకార చక్కెర మిల్లులు లేచాయి. వాటిలో బార్డోలీ మిల్లు దేశంలోనే పేరు మోసింది. డబ్బు వచ్చింది, మేడలు వచ్చాయి. ఆ రోజుల్లో కాల్వ నీళ్లను వద్దనే రైతు ఎవడుంటాడు?

చెరకు ఒక పంటకాలంలో 1,500 నుంచి 2,500 మిల్లీమీటర్ల నీళ్లు తాగుతుంది. వాన తీర్చగా మిగిలింది కాల్వ తీర్చాలి. కాల్వ నీళ్లన్నీ చెరకు తాగదు. మట్టం 10 మీటర్లలోపు ఉన్న చోట, కాల్వ కింద పెట్టిన నీళ్లలో వరి మడి నుంచి సగం, మిగతా పంటల నుంచి 30 శాతం తిరిగి నేలలోకే దిగుతాయని అంచనా సూత్రాలు చెబుతాయి. నల్లరేగడి తడిసి ఉబ్బాక నీటిని అంత తేలిగ్గా పోనివ్వదు కాబట్టి ఆ అంకెలను గుడ్డిగా వాడకూడదు. ఎండాకాలం అదే రేగడి అరచేయి దూరేంత నెర్రెలు వాస్తుంది. ఆ నెర్రెల మీద కాల్వ వదిలితే మొదటి తడి నీళ్లు సొరంగంలో పడ్డట్టు దిగిపోతాయి. పైగా మట్టికాల్వల నుంచి రాత్రింబవళ్లు జారే ఊట వేరే. కాల్వకు లైనింగు చేస్తే ఆ ఊట అయిదో వంతుకు తగ్గుతుంది.

బావుల్లో మట్టం లేచిందంటే ముందుగా సంబరపడింది రైతులే. అప్పటికది గెలుపు లాగే కనిపించి ఉంటుంది. నిజం చెప్పాలంటే సర్కారీ పట్టికల్లో ఇప్పటికీ అది గెలుపే. ఏటా నేలలోకి దిగే నీటిలో 70 శాతంలోపే తోడుకుంటున్న చోటును 'సురక్షితం' అంటారు. 90 దాకా అయితే కొంత ప్రమాదం, నూరు దాకా ప్రమాదం, నూరు దాటితే అతివాడకం. సూరత్ జిల్లా తాలూకాల్లో ఎక్కువ భాగం సురక్షితం గడిలోనే కూర్చుంటాయి. అదే గుజరాత్‌లో ఉత్తరాన మెహసానా బోర్లు వెయ్యి అడుగులు దాటి పాతకాలపు నీటిని తోడుతుంటాయి. మెహసానా వాళ్లు సూరత్ గడి చూసి మా ఊరివాళ్లలాగే కుళ్లుకుంటారు. చౌడు పట్టిన మడి మాత్రం ఆ గడిలో కనిపించదు. తోడకం తక్కువగా ఉందని మార్కులు వేసే పరీక్షలో, తోడకపోవడమే రోగమైన ఊరు ఫస్టు క్లాసులో పాసవుతుంది.

రోగం పేరు ఉప్పు. ఆ ఉప్పు ఎక్కడిది? సముద్రం నుంచి వచ్చిందేమోనని నేనూ అనుకున్నాను. బార్డోలీ దాకా సముద్రం రానక్కర్లేదు. తీయటి కాల్వ నీళ్లలోనూ లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకుందాం. తాగే నీళ్లలో అంత ఉంటే ఎవరూ మొహం చిట్లించరు. హెక్టారుకు ఏడాదిలో మీటరు నీళ్లు కడితే పదివేల ఘనపు మీటర్లు. దాంతో పాటు పొలంలోకి వచ్చిన ఉప్పు మూడు టన్నులు. మొక్క నీళ్లు తాగుతుంది, ఉప్పును దాదాపు అక్కడే వదిలేస్తుంది. మట్టం లోతుగా ఉంటే వాన దాన్ని కడిగి కిందికి తీసుకుపోతుంది. మట్టం పైకి వచ్చి వేళ్లకు మీటరు, మీటరున్నర దూరంలో నిలిస్తే ప్రవాహం తిరగబడుతుంది. ప్రమిదలో వత్తి నూనెను పీల్చినట్టు బంకమట్టి సన్నటి రంధ్రాలు నీటిని పైకి లాగుతాయి. పైన ఎండకు నీరు ఆవిరవుతుంది, ఉప్పు పేరుకుంటుంది. అందుకే కేంద్ర జలవనరుల శాఖ నియమించిన కార్యబృందం 1991లో గీత గీసింది: మట్టం 2 మీటర్లలోపుంటే జాలు పట్టినట్టే, 2 నుంచి 3 మధ్య ఉంటే పట్టబోతున్నట్టు.

పంటల్లో ఉప్పును ఓర్చుకునే శక్తి అన్నిటికీ ఒకటే కాదు. మట్టి ద్రావణంలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి ఉప్పును కొలుస్తారు. ఆ కొలతకు డెసీసీమెన్స్ అని ఒక నోరు తిరగని పేరు. మీటరుకు 7.7 డెసీసీమెన్స్ దాకా పత్తి దిగుబడి తగ్గకుండా తట్టుకుంటుంది. వరి 3 దగ్గర వాడడం మొదలుపెడుతుంది. చెరకు 1.7కే చేతులెత్తేస్తుంది. అంటే ఉప్పు లేని రోజుల్లో ఉప్పును ఓర్చుకునే పత్తి వేశారు. కాల్వ వచ్చి ఉప్పు పేరుకునే రోజులకు, ఉప్పంటే గిట్టని చెరకు వచ్చింది. దీనికి రైతును తప్పుపట్టలేం. మిల్లు కొనేది చెరకునే గానీ పత్తిని కాదు కదా.

తీరం వైపు కథ ఇంకో మలుపు తిరుగుతుంది. సముద్రపు నీరు మంచినీటి కన్నా బరువు. ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద తెప్పలా తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన మీటరు మంచినీరు నిలిస్తే, కింద 40 మీటర్ల దాకా అది ఉప్పునీటిని తొక్కిపెడుతుందని పందొమ్మిదో శతాబ్దం చివర్లో గైబెన్, ఆ తర్వాత హెర్జ్‌బర్గ్ విడివిడిగా లెక్కకట్టారు. ఇందులో గుబులు పుట్టించేది దీని ఎదురు లెక్క. పైన ఒక్క మీటరు తోడేస్తే, అడుగున ఉప్పునీరు కాలక్రమంలో 40 మీటర్లు పైకి రావచ్చు. కాబట్టి బార్డోలీకి "తోడండి" అని చెప్పే నోటితోనే ఒల్పాడ్ తీరానికి "తోడకండి" అని చెప్పాల్సి వస్తుంది. రెండింటి మధ్య దూరం బస్సులో పూటలోపు ప్రయాణం. తాపీలో కూడా పోటు నీళ్లు సూరత్ దాకా ఎగదన్నుతాయి. అందుకే నగరంలో సింగన్‌పూర్ దగ్గర కట్ట కట్టి పైన మంచినీటిని, కింద ఉప్పునీటిని విడదీశారు.

ఇదే తాపీ ఒడ్డున, చాలా ఎగువన, నాలుగు వందల ఏళ్ల కిందట ఒకాయన ఈ పద్దును టేపు లేకుండానే చదివాడు. బుర్హాన్‌పూర్ అప్పట్లో మొగలుల దక్షిణ స్థావరం. ఊళ్లో సైన్యం, జనం పెరిగి నీళ్లకు కటకటైతే, సుబేదారు అబ్దుల్ రహీం ఖాన్-ఎ-ఖానా పర్షియా నుంచి వచ్చిన నిపుణుడు తబ్‌కుతుల్ అర్జ్‌కు పని అప్పగించాడు. సాత్పురా కొండల పాదాల దగ్గర ఇంకిన వాన నేలలోపల వాలుగా తాపీ వైపు నడుస్తోందని ఆయన కనిపెట్టాడు. ఆ దారికి అడ్డంగా నేలలో సొరంగం తవ్వించి, ఊరి వైపు సన్నటి వాలు ఇచ్చి, గాలీ వెలుతురూ కోసం పైన వరసగా కుండీలు వదిలాడు. 1615లో కట్టిన ఆ కుండీ భండారాలో వందకు పైగా బావిమూతులు దండలో పూసల్లా ఊరి దాకా కనిపిస్తాయి. మోట లేదు, మోటారు లేదు. నేల ఇచ్చినంతే వస్తుంది, అంతకు మించి లాగే వీలే లేదు. ఇవాళ్టి మన సాంకేతికత అంతా ఆ వీలును సంపాదించడానికే కదా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

తిరిగి బార్డోలీకి వద్దాం. జాలు పట్టిన నేలకు రెండు మందులున్నాయి. ఒకటి అడుగున మురుగు కాల్వ. మీటరుకు పైగా లోతులో, చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టాలను వరసలుగా పూడ్చి, వాటి చుట్టూ ఇసుకో జల్లెడ గుడ్డో చుట్టి, అదనపు నీటిని బయటి కాల్వలోకి పంపడం. కర్నాల్‌లోని కేంద్ర మృత్తికా లవణత పరిశోధన సంస్థ, నెదర్లాండ్స్ సహకారంతో 1990ల చివర్లో దేశంలో కొన్ని ఆయకట్టుల్లో దీన్ని పరీక్షించింది. ఉకాయ్-కాక్రాపార్ ఆయకట్టులో సెగ్వా, సిసోద్రా ఊళ్లను నవ్‌సారి శాస్త్రవేత్తలు తీసుకున్నారు. మనవైపు బాపట్ల శాస్త్రవేత్తలు అప్పటి ప్రకాశం జిల్లాలో నాగార్జునసాగర్ కుడికాల్వ కింద కోణంకి, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరు ఎంచుకున్నారు. తాపీ చెరకు రైతుదీ, కృష్ణా వరి రైతుదీ ఒకే జబ్బు అని ఒకే ప్రాజెక్టు కాగితాల్లో పక్కపక్కన రాసి ఉండటం నాకు భలే నచ్చింది. గొట్టాలు పనిచేస్తాయి. చిక్కు ఎక్కడంటే, ఒక్క రైతు తన చేలో వేసుకుంటే చాలదు, కింది రైతు తన చేలోంచి ఆ ఉప్పునీటికి దారి ఇవ్వాలి. పక్కవాడి గట్టు అరగజం జరిగితేనే కోర్టుకెక్కే దేశం మనది.

రెండో మందు బావి. తోడటమే మందు. పాకిస్తాన్‌లో సింధు కాల్వల కింద జాలు పట్టిన లక్షల ఎకరాలను ఎండబెట్టడానికి 1960ల నుంచి సర్కారు వేల గొట్టపు బావులు వేసింది ఇందుకే. సూరత్ లోయలో నీరు మంచిదైన చోట కాల్వ నీళ్లు కొంత, బావి నీళ్లు కొంత కలిపి వాడమని శాస్త్రవేత్తలు ఎప్పట్నుంచో చెబుతున్నారు. అలా చేస్తే మట్టం దిగుతుంది, మిగిలిన కాల్వ నీళ్లు చివరి ఆయకట్టుకు చేరతాయి. ఒకే కదలికతో రెండు పనులు.

మన భూగర్భజలాల అంచనా పద్ధతిలోనే ఇందుకు ఒక సూత్రం దాగి ఉంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ. మట్టం 5 మీటర్ల కన్నా పైన ఉన్న ప్రాంతాల్లో, 5లోంచి ప్రస్తుత లోతును తీసేసి, వచ్చిన దాన్ని విస్తీర్ణంతో, నిర్దిష్ట దిగుబడితో గుణించమంటుంది. వచ్చిన అంకె, ఏటా వచ్చే జమకు తోడుగా వాడుకోదగ్గ నిల్వ. మట్టం 2 మీటర్ల దగ్గర ఉన్న మన వంద హెక్టార్ల ఊరికి లెక్కేస్తే మూడు మీటర్లు, 6 శాతం, కలిపి లక్షా 80 వేల ఘనపు మీటర్లు. ఇంత తోడితే నష్టం లేకపోగా వేళ్లకు ఊపిరాడుతుంది, వచ్చే వానకు నేలలో చోటు దొరుకుతుంది. ఒకే ఒక షరతు: ముందు నీళ్లు పరీక్షించాలి. ఉప్పెక్కిన బావి నీళ్లు మళ్లీ చేనుకే పెడితే రోగాన్ని తిరగమోసినట్టే.

కాల్వ నీరేదో వాన నీరేదో బావిలో ఎలా తెలుస్తుందని అడగొచ్చు. నీటి అణువుల్లో కొన్ని బరువైనవి ఉంటాయి. జలాశయంలో నెలల తరబడి ఎండలో నిలిచిన నీటిలోంచి తేలిక అణువులు ముందు ఎగిరిపోతాయి, బరువైనవాటి పాలు పెరుగుతుంది. బావి నీటిలో ఆ పాలు కొలిస్తే అది మబ్బులోంచి నేరుగా దిగిందా, డ్యామ్‌లో కాపురం చేసి వచ్చిందా అన్నది చాలావరకు తేలుతుంది.

ఎదురు దిక్కున, అంటే మా దిక్కున, ఇదే పద్దును రైతులే రాసిన సందర్భం ఒకటుంది. 2003 నుంచి కొన్నేళ్లపాటు, నంద్యాలలోని ఒక స్వచ్ఛంద సంస్థ ముందుండగా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో రైతుల యాజమాన్యంలో భూగర్భజలాల పథకం నడిచింది. రైతులే వానమాపకం చూశారు, పరిశీలక బోర్లలో మట్టం కొలిచారు, వచ్చిన అంకెలను ఊరి గోడ మీద రాశారు. యాసంగి ముందు అందరూ కూర్చుని, నేలలో ఇంత ఉంది, వరి వేస్తే ఇంత కావాలి, పల్లి వేస్తే ఇంత అని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరినీ ఎవరూ బలవంతం చెయ్యలేదు. తేలిన లోటు చూసి చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు. సబ్సిడీ ఇవ్వలేదు, జరిమానా వెయ్యలేదు. గోడ మీద అంకె రాశారు, అంతే.

ఇదంతా అన్నకు చెప్పుకొస్తుంటే, "మరి గీళ్లతోని గూడ గట్ల రాయిపియ్యరాదు గోడ మీద?" అన్నాడు. మంచి ప్రశ్నే. అయితే లోటు చూపించే అంకె మనిషిని భయపెట్టినట్టు, మిగులు చూపించే అంకె భయపెట్టదు. పైగా కాల్వ నీళ్లు వాలున వాటంతటవే వస్తాయి, బావి నీళ్లు కరెంటు పెట్టి లాగాలి.

మేం బయల్దేరుతుంటే ఆ రైతు బావి పక్కన ఉన్న రేకుల గది తలుపు తీసి చూపించాడు. లోపల మోటారు ఉంది. దాని మీద కోళ్లు గుడ్లు పెట్టేలా గడ్డి పరిచారు. బయటికి వచ్చే గొట్టానికి కాకర తీగ అల్లుకుని, పసుపుపచ్చగా పూసింది. ఇది నడిపి ఎన్నాళ్లయిందని అడగమన్నాను. అన్న అడిగాడు. ఆయన మడి అంచున కాల్వ వైపు చెయ్యి ఊపి ఏదో అన్నాడు.

"ఎల్లుండి నహర్ ఇడుస్తరట తమ్మీ" అన్నాడు అన్న.